పిరమిడ్ కొనమీది ముక్క ఎప్పుడు కదలదు?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. సాయంత్రాలు పేకకట్ట ముందేసుకుని పిరమిడ్ అనే ఒంటరి ఆట ఆడుతుంటానని, మనసులో ఒక పని తలుచుకుని ఆడినప్పుడు ఆట పూర్తయితే ఆ పని అవుతుందని తమ ఇంట్లో పెద్దలు నమ్మేవారని, అయితే ఎంత ఆలోచించి ఆడినా చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుందని చెప్పి, ఇది తన ఆటలోని లోపమా, పేక పడిన తీరా అని అడిగారు. రెండూ ఉన్నాయి, ఏది ఎంతో కొంతమేరకు లెక్క కట్టవచ్చు.

ఆట తెలియనివారికి క్లుప్తంగా నియమాలు. 28 ముక్కలను ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు వరుసలుగా పరుస్తారు. చివరి వరుసలోవి తప్ప ప్రతి ముక్కనూ కింది వరుసలోని రెండు ముక్కలు కప్పి ఉంచుతాయి. మిగిలిన 24 చేతిలో ఉంటాయి. ఆసు 1, జాకీ 11, రాణి 12, రాజు 13. రెండూ పూర్తిగా తెరిచి ఉండి, కలిపితే 13 అయ్యే ముక్కలను జతగా తీసివేయాలి. రాజు ఒంటరిగానే వెళ్లిపోతాడు. కట్టలోని విలువలన్నీ కూడితే 364, అంటే సరిగ్గా 28 పదమూడులు: 24 జతలు, నలుగురు రాజులు. ఈ 364కు జోకరును ఒకటిగా కలిపి 365 రోజులని, 52 ముక్కలు 52 వారాలని చెప్పి పేకలో పంచాంగం దాగి ఉందనేవారు ఉన్నారు. ఒకటి నుంచి పదమూడు వరకు కూడి నాలుగుతో హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. అందులో పంచాంగమేమీ లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కొనమీద 5 పడిందనుకోండి. దానికి జత కాగలిగినవి నాలుగు 8లు మాత్రమే. ఆ నాలుగూ కింది 27 ముక్కల్లోనే ఉంటే ఏమవుతుంది? కొనమీది 5 తెరుచుకోవాలంటే ముందుగా ఆ 27 ముక్కలూ, అంటే వాటిలో ఉన్న నాలుగు 8లూ వెళ్లిపోవాలి. ఒక్కో 8 వెళ్లడానికి ఒక్కో 5 కావాలి; కొనమీదిది పోగా మిగిలిన 5లు మూడే. నలుగురు పెళ్లికొడుకులూ ఇల్లు దాటితే గానీ చిన్నమ్మాయిని గదిలోంచి రానివ్వమని పట్టుబట్టిన ఇంట్లో, బయట పెళ్లికూతుళ్లు ముగ్గురే ఉన్నట్టు. నాలుగో పెళ్లికొడుకు గుమ్మంలోనే నిలబడిపోతాడు, అమ్మాయి గదిలోనే ఉండిపోతుంది. చేతిలోని ముక్కలను ఎన్నిసార్లు తిరగేసినా ప్రయోజనం లేదు. గణితంలో దీన్ని పావురాల గూళ్ల సూత్రం అంటారు: గూళ్లకంటే పావురాలు ఎక్కువైతే ప్రతి పావురానికీ విడిగా ఒక గూడు దొరకదు. తరగతిలో ఒక వాక్యంలో చెప్పి దాటేసే ఈ సూత్రాన్ని పేకకట్ట బల్లమీద పెట్టి చూపిస్తే విద్యార్థి జన్మలో మరిచిపోడు. కానీ బడిలోకి పేకకట్ట తెచ్చే ధైర్యం ఏ మాస్టారికి ఉంటుంది?

ఇలా జరిగే అవకాశం ఎంత? కొనమీది ముక్క పోగా 51 స్థానాలుంటాయి. వాటిలో 27 పిరమిడ్‌లోవి. మొదటి 8 అక్కడ పడే సంభావ్యత 27/51, తరువాతివాటికి వరుసగా 26/50, 25/49, 24/48. నాలుగింటినీ హెచ్చిస్తే 0.0702. కొనమీద రాజు ఉంటే ఈ ఇబ్బంది లేదు గనుక 12/13తో హెచ్చిస్తే 0.0648 వస్తుంది. అంటే నూటికి సుమారు ఆరున్నర ఆటలు మొదటి ఎత్తు వేయకముందే, ఆ ఒక్క ముక్క వల్లనే ఓడిపోయినట్టు లెక్క. రెండో వరుసలోని ఒక్కో ముక్కకు కింద 20 ముక్కలే ఉంటాయి గనుక, అది రాజు కానప్పుడు, ఇదే చిక్కు నూటికి రెండుకు కాస్త తక్కువ. మూడో వరుసకు వచ్చేసరికి 0.4 మాత్రమే.

వీటన్నిటినీ కూడి మొత్తం సంభావ్యత చెప్పడం కుదరదు, ఎందుకంటే ఒకే పంపకంలో రెండు చిక్కులు కలిసి రావచ్చు, ఒక విలువ చిక్కు మరో విలువ చిక్కుతో ముడిపడవచ్చు. గణిత శాస్త్రజ్ఞుడు స్టానిస్లావ్ ఉలామ్ 1946లో జబ్బుపడి కోలుకుంటూ కాన్‌ఫీల్డ్ అనే మరో ఒంటరి పేకాట ఆడుతున్నప్పుడు ఇలాంటి లెక్కతోనే తలపడి, లెక్క కట్టడం మానేసి ఆటను వందసార్లు పరిచి గెలిచినవాటిని లెక్కపెడితే సరిపోదా అని ఆలోచించాడు. ఆ ఆలోచనే మరో గణిత శాస్త్రజ్ఞుడు ఫాన్ నాయ్‌మన్ చేతుల మీదుగా న్యూట్రాన్ల కదలికను లెక్కించే మాంటే కార్లో పద్ధతి అయింది.

ఇక పాఠకురాలి చేతిలో ఉన్నదేమిటి? నాలుగు 8లలో మూడు పిరమిడ్‌లోనూ ఒకటి చేతిముక్కల్లోనూ ఉన్న సందర్భం చూడండి. పిరమిడ్‌లోని మూడు 8లూ మిగతా మూడు 5లతో వెళ్లాలి గనుక, చేతిలోని ఆ 8 కొనమీది 5కే చెందుతుంది. ఎదురుగా మరో 5 తెరిచి కనిపించిందని ఆ రెంటినీ జతచేసి తీసేస్తే, జత చక్కగా కుదిరినట్టే ఉంటుంది, ఆట మాత్రం ఆ క్షణానే పోతుంది. రాజును మినహాయించి లెక్క కడితే ఈ పరిస్థితి నూటికి దాదాపు 26 ఆటల్లో ఎదురవుతుంది. అందువల్ల ముక్కలు పరవగానే కొనమీది విలువకు జతలు పిరమిడ్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి: నాలుగుంటే మళ్లీ కలిపి పంచుకోవాలి, మూడుంటే చేతిలో వచ్చే నాలుగోదాన్ని చివరిదాకా ముట్టుకోకూడదు.