కొండెక్కి హ్యామ్ రేడియో: కొన్ని అపోహలు - వాస్తవాలు

కొండ మీద నుంచి హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే సొంత వైర్‌లెస్ స్టేషన్) నడపాలని సరదాపడే కొత్తవాళ్ళు ముందుగా అడిగేది పవర్ గురించే. ఎన్ని వాట్లు కావాలి, ఎంత బ్యాటరీ మోయాలి అని. ఎలా వినాలి, వెంట వచ్చే మిత్రుడు ఏం చేయాలి అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. నేనూ నా మిత్రుడూ ఏళ్ళ తరబడి కలిసి కొండలెక్కుతున్నాం. పైన పని సాగేదీ ఆగేదీ ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

అపోహ: దూరం వెళ్ళాలంటే 50, 100 వాట్లు ఉండాల్సిందే.

5 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే పవర్ 20 రెట్లు పెరిగినట్టు. కానీ అవతలివాళ్ళ ఎస్ మీటర్‌లో, అంటే సిగ్నల్ బలం చూపే మీటర్‌లో, పెరిగేది రెండు పాయింట్లకు కాస్త పైన, అంతే. ఒక్కో పాయింటు పెరగడానికి పవర్ నాలుగు రెట్లు కావాలి మరి. ఆ రెండు పాయింట్ల కోసం బరువైన సెట్టు, అంతకంటే బరువైన బ్యాటరీ మోసుకెళ్ళాలా? 144 మెగాహెర్ట్జ్ లాంటి వీహెచ్‌ఎఫ్ (దాదాపు నేరుగా సాగే తరంగాల) బ్యాండులో అసలు పని ఎత్తే చేస్తుంది. మీటర్లలో ఉన్న ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే, సిగ్నల్ నేరుగా ఎన్ని కిలోమీటర్లు అందుతుందో సుమారుగా తెలుస్తుంది. నేల మీద నిలబడి హ్యాండ్‌సెట్‌ పట్టుకుంటే అది 5 కిలోమీటర్లు. చుట్టుపక్కల కంటే 400 మీటర్లు ఎత్తున్న కొండ మీద 82. అవతలి మనిషి కూడా అలాంటి కొండ మీదే ఉంటే రెండూ కలిసి 160 దాటుతాయి. ఇది లెక్క మాత్రమే, వాతావరణం అనుకూలిస్తే ఇంకా దూరం వెళ్తుంది.

డబ్బు పెట్టదలిస్తే యాంటెనా మీద పెట్టండి. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనాను తీసేసి, సగం తరంగదైర్ఘ్యం పొడవున్న తీగ యాంటెనాను కర్రకు కట్టినా తేడా వెంటనే వినిపిస్తుంది.

అపోహ: ఎత్తు అన్ని బ్యాండ్లకూ ఒకేలా ఉపయోగపడుతుంది.

7 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ అయనావరణాన్ని (ఆకాశంలో బాగా ఎత్తున ఉండే విద్యుదావేశిత పొరని) తాకి తిరిగొస్తుంది కాబట్టి కొండ ఎత్తు వల్ల వచ్చే లాభం తక్కువ. అక్కడ కొండ ఇచ్చే మేలు వేరే: ఇళ్ళలోని ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు చేసే గోల ఉండదు. ఇంట్లో ఎస్ మీటర్ మీద 7 దగ్గర మరుగుతుండే నాయిస్ కొండ మీద దాదాపు మాయమై, ఎప్పుడూ వినబడని సన్నటి స్టేషన్లు బయటపడతాయి. ఇక్కడ వాడే డైపోల్ (మధ్యలోంచి సిగ్నల్ అందే తీగ యాంటెనా) 20 మీటర్ల పొడవుంటుంది, దాని మధ్యభాగాన్ని కర్రతో పైకెత్తి రెండు చివరలనూ కిందికి దించి కడితే చాలు.

అపోహ: కొండ మీద ఎక్కడైనా రిసెప్షన్ బ్రహ్మాండంగా ఉంటుంది.

శిఖరం మీద ప్రసార టవర్లు ఉంటే సంగతి మొత్తం మారిపోతుంది. వాటి బలమైన సిగ్నళ్ళు చవకరకం హ్యాండ్‌సెట్ రిసీవర్‌ని ముంచేస్తాయి. అందరూ మిమ్మల్ని వింటూనే ఉంటారు, మీకు మాత్రం ఎవరూ వినబడరు. అలాంటప్పుడు పెద్ద యాంటెనా పెడితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. టవర్లకూ మీకూ మధ్య ఒక బండ అడ్డం వచ్చేలా కాస్త కిందికి దిగితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆ బ్యాండుకి తగిన ఫిల్టర్ ఉంటే మరీ మంచిది.

ఇంకో మాట. కొండ మీద నుంచి మీరు మాట్లాడితే ఎంతో విశాలమైన ప్రాంతంలో ఆ ఫ్రీక్వెన్సీ నిండిపోతుంది. ఒక్కోసారి ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న రెండు రిపీటర్లు (అందిన సిగ్నల్‌ని మళ్ళీ ప్రసారం చేసే స్టేషన్లు) ఒకేసారి తెరుచుకుంటాయి. అందుకే ముందు వినండి, తర్వాత తక్కువ పవర్‌తో పిలవండి.

అపోహ: మిత్రుడు తోడుకి, సరదాకి. రేడియో పని ఒక్కడిదే.

ఈ అపోహ మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇద్దరున్న స్టేషన్ ఒక్కడి స్టేషన్‌కి రెండింతలు అనిపిస్తుంది నాకు.

ఒకే దిక్కుకి బలంగా పనిచేసే యాగీ యాంటెనా సంగతే చూడండి. ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే ఇంకొకరు కర్ర పట్టుకుని నెమ్మదిగా తిప్పుతారు. "ఇంకొంచెం ఎడమకి... కాదురా, ఎక్కువైంది, వెనక్కి రా... ఆఁ, అక్కడే ఆపు." దిక్కు సరిపోయినా సిగ్నల్ నీరసంగానే ఉంటే, నిలువుగా పట్టుకున్న యాగీని అడ్డంగా తిప్పి చూడమంటాను. మాటను పంపే రెండు పద్ధతుల్లో, ఎఫ్ఎంలో చాలామంది యాంటెనాను నిలువుగానూ, ఎస్ఎస్‌బీలో అడ్డంగానూ పెడతారు. రెండువైపులా ఇది కలవకపోతే నష్టం 20 డెసిబెల్స్ దాకా, అంటే పవర్ వందో వంతుకు పడిపోయేంత, ఉండొచ్చు. యాగీ అడ్డం తిరిగేసరికి నాయిస్‌లోంచి ఒక గొంతు లేచి, కాల్‌సైన్ (స్టేషన్‌ని గుర్తించే అక్షరాలు, అంకెలు) అక్షరం అక్షరం స్పష్టమవుతుంది. ఆ సంతోషం అనుభవిస్తేనే తెలుస్తుంది!

ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసే పని కూడా అంతే. నలుగురైదుగురు ఒకేసారి పిలిస్తే మాట్లాడేవాడికి ఒక్క కాల్‌సైనే చెవిన పడుతుంది. పక్కన రాసేవాడు ఇంకో రెండు సగం సగం పట్టుకుని కాగితం మీద చూపిస్తాడు: చివర 'కిలో' (అంటే K అక్షరం) ఉన్నవాణ్ని పిలువు, వెనకాల ఇంకొకడున్నాడు. టైమ్ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతా ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే, రాయాలి. తర్వాత ఇంటికెళ్ళి మార్చుకుందామనుకుంటే తేదీ దగ్గర తప్పులు దొర్లుతాయి.

లైసెన్సు ఉన్న ఇద్దరూ ఎవరి కాల్‌సైన్ వాళ్ళే వాడాలి, వంతులవారీగా మైకు పట్టుకోవాలి. మిత్రుడికి లైసెన్సు లేకపోతే అతను మైకులో మాట్లాడొచ్చా లేదా అనేది మీ దేశపు నిబంధనల్లో చూసుకోండి. వినడానికి, రాయడానికి, యాంటెనా తిప్పడానికి మాత్రం అతను ఎంతో విలువైన మనిషి.

అపోహ: ఇద్దరూ చెరో సెట్టు పెట్టుకుంటే కాంటాక్టులు రెట్టింపు.

పక్కపక్కనే కూర్చుంటే ఒకరు మాట్లాడినప్పుడల్లా ఇంకొకరికి చెవులు మూసుకుపోయినట్టే. వేరే బ్యాండు ఎంచుకున్నా హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్ల దగ్గర వెలువడే అదనపు సిగ్నళ్ళు) ఉంటాయి: 7కి రెట్టింపు 14, 145కి మూడు రెట్లు 435. అన్నీ హ్యామ్ బ్యాండ్లలోనే పడతాయి. డైపోల్స్ రెండూ వేసేటట్టయితే ఒకే వరసలో, ఒకదాని కొన ఇంకోదాని కొనకు ఎదురుగా వచ్చేలా, వీలైనంత దూరంగా కట్టండి.

అపోహ: పైన ఏ కాంటాక్టయినా సోటాలో లెక్కలోకి వస్తుంది.

సోటా అంటే 2002లో మొదలైన సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్, శిఖరాల మీద నుంచి రేడియో నడిపేవాళ్ళ కార్యక్రమం; అందులో పాయింట్లకి కనీసం నాలుగు కాంటాక్టులు కావాలి. అదే శిఖరం మీదున్న మిత్రుడితో మాట్లాడినది లెక్కలోకి రాదు. నేల మీది రిపీటర్ ద్వారా చేసినదీ రాదు. సెట్టుని కారుకి కలిపి నడపడం కూడా కుదరదు.

అపోహ: వాన మొదలయ్యే దాకా ఉండొచ్చు.

వాన కాదు చూడాల్సింది, పిడుగు. ఉరుము వినబడిందంటే మీరు పిడుగు పడే దూరంలోనే ఉన్నారు. వాన లేకపోయినా, మబ్బు ఇంకా దూరంగానే ఉన్నా యాంటెనాలో స్టాటిక్ చిటపటలు మొదలవుతాయి. అవి వినబడగానే అవతలివాడికి నమస్కారం చెప్పి, కర్ర దించి, ఇద్దరూ కిందికి దారి పట్టండి. ఇంకొక్క కాంటాక్టు అని ఇద్దరిలో ఒకరు బతిమాలుతుంటే రెండోవాడు ఒప్పుకోకూడదు.