పెరట్లో తాబేలు: డిప్ప ఆపలేని శత్రువులు

అమెరికా నైరుతి ఎడారుల్లో బతికే తాబేలు తన జీవితంలో దాదాపు 95 శాతం బొరియలోనే గడుపుతుంది. వీపు మీద అంత గట్టి డిప్ప ఉన్న జంతువు అంతసేపు నేలలో ఎందుకు దాక్కుంటుంది? ఎండ తప్పించుకోవడానికి, ఒంట్లో నీళ్ళు ఆరిపోకుండా చూసుకోవడానికి. వీటితో పాటు శత్రువుల కంట పడకుండా ఉండటానికి కూడా. తాబేలును పెరట్లో పెంచేవాళ్ళు ఎక్కువగా మరచిపోయేది ఈ చివరి కారణాన్నే. డిప్ప ఉంది కదా, దాన్ని ఎవరేం చేస్తారులే అనుకుంటారు. పెరట్లో చనిపోయే తాబేళ్ళలో చాలావాటికి ఆ ధీమాయే శాపం.

ఎక్కువగా అరిజోనా సంగతే చెబుతాను. ఫీనిక్స్, టూసాన్ లాంటి ఊళ్ళలో పెరటి తాబేలు మామూలు దృశ్యం. సొనోరా ఎడారి తాబేలును అడవి నుంచి పట్టుకురావడం, అమ్మడం అక్కడ నేరం. కానీ ఇళ్ళలో పుట్టి పెరిగినవాటిని, పెంచలేక అప్పగించినవాటిని రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన అరిజోనా గేమ్ అండ్ ఫిష్ డిపార్ట్‌మెంట్ దత్తతకు ఇస్తుంది. చాండ్లర్, గిల్బర్ట్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ దారి తెరిచే ఉంది. తీసుకున్నవాళ్ళు దానికి యజమానులు కారు, సంరక్షకులు మాత్రమే. ఆడా మగా కలిపి పెట్టి పిల్లలు చేయించకూడదు. పెరడు, బొరియ సిద్ధంగా ఉన్నాయని ముందే చూపించాలి.

మన దగ్గర మాత్రం ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. చిత్తూరు, అనంతపురం మెట్ట ప్రాంతాల్లో వాన పడ్డాక చేలగట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2022 సవరణతో అది పులి, ఏనుగులతో పాటు మొదటి షెడ్యూల్‌లో చేరింది. విదేశీ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో కూడా 2019లో దాన్ని మొదటి జాబితాలోకి మార్చారు. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందన్న నమ్మకంతో ఎంతోమంది దీన్ని తెచ్చి తొట్లో పడేస్తున్నారు. అది నీటి తాబేలు కాదు, ఈత రాదు. దాన్ని చూసిన చోటే వదిలేసి రావడం కంటే మనం దానికి చేయగలిగిన మేలు లేదు.

ఇక డిప్ప సంగతి. పైకి కనిపించే పలకలు కెరాటిన్‌తో ఏర్పడ్డవి, మన గోళ్ళలో ఉండే పదార్థమే. వాటి కింద ఉన్నది అచ్చమైన ఎముక. పక్కటెముకలు, వెన్నుపూసలు వెడల్పై ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఆ గుమ్మటం తయారైంది. అందులో రక్తం పారుతుంది, నరాలున్నాయి. గీరితే తాబేలుకు తెలుస్తుంది, పగిలితే నొప్పి పుడుతుంది. పారిపోకుండా డిప్ప అంచుకు కన్నం పెట్టి తాడు కట్టే పాత అలవాటు ఎంత క్రూరమైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పైగా ఎడారి తాబేలు డిప్పను పూర్తిగా మూసుకోలేదు. తల లోపలికి లాక్కుని, పొలుసులున్న ముందు కాళ్ళను అడ్డం పెట్టుకుంటుంది. వెనక కాళ్ళు, తోక, డిప్ప అంచులు బయటే మిగిలిపోతాయి.

కుక్క పట్టేది సరిగ్గా అక్కడే. ఎడారిలో నక్కల్లాంటి కయోటీలు ఉన్నాయి, కొండ ప్రాంతాల్లో ప్యూమాలనే పెద్ద పిల్లులు ఉన్నాయి, గుడ్లు తవ్వుకుని తినే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి కూడా ఉంది. అయినా పెరటి తాబేలుకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంటి కుక్కే. ఆకలితో కాదు, కొరకడంలో ఉన్న సరదాతో. ఎముక వాసన వేస్తూ మెల్లగా కదిలే వస్తువు దొరికితే కుక్క గంటల తరబడి దాని అంచులు కొరుకుతూ కూర్చుంటుంది. తాబేలు అరవలేదు, పరిగెత్తలేదు. ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి డిప్ప అంచు పోయి, కాలు చితికి ఉంటుంది. "మా కుక్క దాని జోలికే పోదండీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఊరికే ఉన్న కుక్క ఒక మధ్యాహ్నం కొరకడం మొదలుపెట్టిన ఉదంతాలు పశువైద్యులు చాలా చెబుతారు. ఎంత మంచి కుక్కయినా మధ్యలో గోడ ఉండి తీరాలి. ఇందులో మినహాయింపు ఉందని నేను అనుకోను.

ఆ గోడ అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తున, అవతల ఏముందో కనిపించకుండా ఉండాలి. జాలీ కంచె కడితే తాబేలు అవతలి వెలుగు చూసి రోజంతా దాన్నే తోస్తూ ముక్కు ఒరుసుకుంటుంది. పునాది నేలలోకి అడుగు లోతు దింపాలి. లేకపోతే లోపలి తాబేలు బయటికీ, బయటి జంతువు లోపలికీ తవ్వుకుంటాయి. మూలల్లో రాళ్ళు, కుండీలు పేర్చకూడదు. వాటి మీదికి ఎక్కబోయి తాబేలు వెల్లకిలా పడుతుంది. దాని ఊపిరితిత్తులు డిప్ప పైకప్పుకు ఆనుకుని ఉంటాయి. బోర్లా ఉన్నప్పుడు వాటి మీద బరువేమీ పడదు. వెల్లకిలా పడ్డప్పుడు పేగులు, కాలేయం అన్నీ వాటి మీదే వాలతాయి. ఫీనిక్స్ జులై ఎండలో అలా పడిపోతే ఎక్కువసేపు బతకదు. ఈ స్థితిలో కాకికి కూడా లోకువే.

కాకి అన్నాను గానీ, అక్కడ ఉన్నది రేవన్, మన బొంతకాకి కంటే పెద్దది. పెద్ద తాబేలును అది ఏమీ చేయలేదు. పిల్లల సంగతే వేరు. గుడ్డులోంచి వచ్చినప్పుడు తాబేలు పిల్ల రెండంగుళాలు కూడా ఉండదు. డిప్పలో ఎముక ఇంకా గట్టిపడక వేలితో నొక్కితే వంగుతుంది. పూర్తిగా గట్టిపడటానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ అది రేవన్‌కు ఒక్క ముక్కుపోటు. కాలిఫోర్నియా, నెవాడాల్లో విస్తరించిన మోహావీ ఎడారిలో ఒకే గూటి కింద నాలుగేళ్ళలో 250 దాకా చిన్న డిప్పలు పోగుపడిన ఉదంతాన్ని పరిశోధకులు నమోదు చేశారు. ఈ పక్షి ఎడారికి కొత్తది కాదు, కొత్తగా వచ్చింది దాని సంఖ్య. మనుషులు పారేసే చెత్త తిండి పెట్టింది, తోటల్లోని నీళ్ళు దాహం తీర్చాయి, కరెంటు టవర్లు గూటికి చోటిచ్చాయి. మోహావీ తాబేలును 1990లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. హార్డ్‌షెల్ ల్యాబ్స్ అనే సంస్థ త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తాబేలు పిల్లల్లాంటి బొమ్మలు చేసి ఎడారిలో పెట్టింది. రేవన్ ముక్కుతో పొడవగానే బొమ్మలోంచి ద్రాక్ష వాసన వేసే రసాయనం చిమ్ముతుంది. మనకు హాని చేయదు గానీ, పక్షులకు దాని ఘాటు పడదు. తాబేలు పిల్లల జోలికి వెళ్ళకూడదని పక్షికే నేర్పించాలన్న ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. కాల్చి చంపడం కంటే ఎంతో తెలివైన పని.

పెరట్లో అంత హంగామా అక్కర్లేదు. పిల్లలున్న చోటుకు పైన కూడా జాలీ మూత ఉంటే చాలు. అరంగుళం కన్నాలున్న, వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ వాడాలి. కోళ్ళ గూడుకు వాడే పల్చటి తీగ జాలీ కాకిని ఆపుతుంది గానీ రాత్రిపూట తిరిగే రకూన్ అనే జంతువును ఆపదు. రకూన్ ముందు పాదాలు చేతుల్లా పనిచేస్తాయి. గడియ తీయగలదు, సందులోంచి చెయ్యి పెట్టి కాలు పట్టుకుని లాగగలదు. కాలిఫోర్నియా, టెక్సాస్ ఇళ్ళలో రాత్రిపూట జరిగే దాడుల్లో దీని పాత్ర పెద్దది. కాబట్టి మూతకు కొక్కెం సరిపోదు, తాళమో స్ప్రింగ్ క్లిప్పో ఉండాలి.

టెక్సాస్ పేరు వచ్చింది కాబట్టి చీమల గురించి చెప్పాలి. డాలస్, హ్యూస్టన్ పెరళ్ళలో మట్టిగుట్టలు పెట్టి, కాలు పడితే మంట పుట్టించే ఎర్ర చీమలు దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. 1930ల్లో అలబామాలోని మొబీల్ రేవులో ఓడల సరుకుతో పాటు దిగి దక్షిణ రాష్ట్రాలన్నీ ఆక్రమించాయి. తాబేలు గుడ్డు పెంకుకు తొలి పగులు పడగానే ఈ చీమలు లోపలికి దూరతాయి. పిల్ల బయటికి రాకముందే అయిపోతుంది. పెద్ద తాబేలైనా సరే, డిప్పలోకి ముడుచుకుంటే చీమకు అడ్డేముంది? కళ్ళు, ముక్కు, తోక మొదలు, మెత్తని చర్మం ఎక్కడుంటే అక్కడ కుడతాయి. కుక్కను ఆపే ఉపాయం చీమకు పనికిరాదు. ఇక్కడ కాపాడేది శుభ్రత. పండ్ల ముక్కలు, మిగిలిన కూర తొక్కలు లోపల వేయకూడదు. ఎడారి తాబేలుకు తీపి పండ్లు ఎలాగూ మంచివి కావు. దానికి గడ్డి, ఆకులు, పూలు చాలు. ఫీనిక్స్‌లో అందరూ పెంచే బెర్ముడా గ్రాస్ మన గరికే, అది ఇష్టంగా మేస్తుంది. పుట్ట లేచిన చోట, తాబేలును పక్కకు తీసి, మరిగే నీళ్ళు పోయాలి. ఒక్కసారితో పోకపోవచ్చు, మళ్ళీ పోయాలి. చీమలమందు పొడి చల్లితే అది గడ్డి మీద పడి నేరుగా తాబేలు కడుపులోకే వెళ్తుంది.

మందుల విషయంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఐవర్‌మెక్టిన్ పేరు కరోనా రోజుల్లో అందరికీ తెలిసింది. కుక్కలకు, పశువులకు పురుగుల మందుగా దశాబ్దాలుగా వాడుతున్నారు. తాబేలుకు అది విషం. కుక్కకు ఏమీ కాని మోతాదు కూడా దాని నాడీమండలాన్ని దెబ్బతీసి, కాళ్ళు చచ్చుబడి, ఊపిరి ఆగిపోయేలా చేయగలదు. తాబేలుకు పిడుదులు పట్టాయని ఇంట్లో ఉన్న కుక్క మందు రాయడం, దాన్ని నయం చేయబోయి చంపడమే. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టి తిన్నగా లాగేయాలి. ఎక్కువగా ఉంటే సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పిడుదును చిన్నచూపు చూడొద్దు. ఆఫ్రికా తాబేళ్ళ మీద వచ్చిన పిడుదులు పశువులను చంపే హార్ట్‌వాటర్ జబ్బును మోసుకొస్తాయన్న భయంతో అమెరికా 2000 సంవత్సరంలో లెపర్డ్, సల్కాటా వంటి మూడు జాతుల దిగుమతిని నిషేధించింది.

ఈగలు చేసే పని ఇంకా దారుణం. చిన్న గాయం, లేదా విరేచనాలై తోక దగ్గర మట్టిగొట్టుకున్న చర్మం దొరికితే ఈగ గుడ్లు పెడుతుంది. వేసవిలో ఒక్క రోజులోపే పురుగులు బయటికొచ్చి బతికున్న మాంసాన్ని తొలుస్తాయి. డిప్ప కింద ఉండటం వల్ల పైకి కనిపించదు. అందుకే వెచ్చగా ఉన్న నెలల్లో రోజుకోసారి తాబేలును ఎత్తి వెనక భాగం చూసుకోవాలి. కుక్క కొరికినా, డిప్ప చిట్లినా ముందు చేయాల్సింది శుభ్రమైన గుడ్డ కప్పి ఇంట్లోకి తీసుకురావడం. ఆ తర్వాతే డాక్టరుకు ఫోన్. గాయం మానడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఆరుబయటికి పంపకూడదు.

ఎలుకల సంగతి చాలామంది నమ్మరు. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఎడారి తాబేలు శీతనిద్రలో ఉంటుంది. ఒళ్ళు మట్టితో పాటే చల్లబడుతుంది, గుండె మెల్లగా కొట్టుకుంటుంది. ఆ సమయంలో ఎలుక వచ్చి కాలు కొరికినా అది కదలలేదు. బ్రిటన్‌లో మధ్యధరా తాబేళ్ళు పెంచేవాళ్ళకు ఇది బాగా తెలిసిన బాధ. గరాజ్‌లో గడ్డి పెట్టెలో పడుకోబెట్టిన తాబేలు వసంతంలో కాళ్ళు లేకుండా దొరికిన సందర్భాలున్నాయి. ఇప్పుడు అక్కడ చాలామంది సుమారు 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచిన ఫ్రిజ్‌లో, రోజూ తలుపు తీసి గాలి ఆడిస్తూ నిద్రపుచ్చుతున్నారు. వినడానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే. ఎలుక రాదు, ఉష్ణోగ్రత మారదు. ఎలుకలు ఏం చేయగలవో చూడాలంటే పసిఫిక్ సముద్రంలో రాక్షస తాబేళ్ళకు పేరుపడ్డ గలాపగోస్ దీవుల్లోని పిన్‌జోన్‌ను చూడాలి. ఓడల్లో వచ్చిన నల్ల ఎలుకలు వందేళ్ళకు పైగా అక్కడ పుట్టిన ప్రతి పిల్లనూ తినేశాయి. మిగిలినవి ముసలి తాబేళ్ళే. 1965 నుంచి గుడ్లు తెచ్చి డార్విన్ పరిశోధన కేంద్రంలో పొదిగించి, పిల్లలు పెద్దయ్యాక తిరిగి వదులుతూ జాతిని నిలబెట్టారు. 2012లో దీవి అంతటా ఎలుకల మందు చల్లారు. 2014 చివర్లో అడవిలో సొంతంగా పుట్టిన పిల్లలు మళ్ళీ కనిపించాయి.

బొరియ కడుతున్నప్పుడు ఈ శత్రువులందరినీ గుర్తుపెట్టుకోవాలి. సిమెంటు దిమ్మెలతో గోడలు, పైన మందపాటి ప్లైవుడ్, దాని మీద అడుగుకు తగ్గకుండా మట్టి. లోపల తాబేలు వెనక్కి తిరగడానికి చోటు. వాన నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మం కాస్త ఎత్తు. గన్నేరు చెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఫీనిక్స్‌లో కంచెలుగా పెంచే గన్నేరు ఆకు ఎంత విషమో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈత కొలను ఉంటే దానికి విడిగా కంచె. చలికాలంలో తాబేలు లోపలికి వెళ్ళి స్థిరపడ్డాక గుమ్మానికి గాలి ఆడే గట్టి జాలీ బిగించి, వారానికోసారి ఎలుక తవ్వకాలేమైనా ఉన్నాయా అని చుట్టూ చూసి రావాలి.

ఇన్ని చేసినా పెంచడం కుదరక, ఎడారిలో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందని కొందరు కారులో తీసుకెళ్ళి వదిలి వస్తారు. ఇది మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇంటి తాబేళ్ళలో మైకోప్లాస్మా అగసీజీ అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ముక్కు కారడం, ఊపిరి ఆడకపోవడం, చివరికి చావు దాని లక్షణాలు. పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా దాన్ని మోస్తూ ఉండొచ్చు. అలాంటి ఒక్కటి చాలు, ఆ చుట్టుపక్కల ఉన్న అడవి తాబేళ్ళకు జబ్బు అంటించడానికి. పెంచలేకపోతే దత్తత ఇచ్చిన శాఖకే ఫోన్ చేసి తిరిగి అప్పగించండి. వాళ్ళు ఇంకో పెరడు వెతుకుతారు.