నాలుక మీది తెల్లపూత విషం 2016 దాకా ఎందుకు దొరకలేదు?

విశాఖలో పసిపిల్ల పాలు పట్టకుండా ఏడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు ముందు నోట్లోకి చూస్తారు. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాల ముద్దల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తే "నోరు పూసింది" అంటారు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, కట్టుడు పళ్లు రాత్రి కూడా తీయనివాళ్లకు, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివాళ్లకు కూడా ఇదే వస్తుంది. మా అమ్మకు అలాగే వచ్చింది. "ఈ ఫంగస్ మీ నోట్లో ఎప్పటినుంచో ఉన్నదేనమ్మా" అన్నారు డాక్టర్‌గారు. ఎప్పటినుంచో ఉన్నది ఇప్పుడు అన్నం కూడా మింగనివ్వనంత మంట ఎందుకు పెడుతోంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ఫంగస్ పేరు క్యాండిడా ఆల్బికన్స్. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక టైఫాయిడ్ రోగికి వచ్చిన తెల్లపూతలో ఫంగస్‌ను చూశారు గానీ, టైఫాయిడ్‌కు కారణం అదేనని పొరబడ్డారు. క్యాండిడా అనే పేరు పెట్టింది క్రిస్టీన్ బెర్ఖౌట్, 1923లో. మన ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైందీ ఆ ఏడాదే. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు నిస్టాటిన్ మందును ప్రకటించారు. అలా మందు దొరికింది. ఫంగస్ మన కణాన్ని ఎలా దెబ్బతీస్తుందో మాత్రం అప్పటికీ తెలియదు.

డిఫ్తీరియా బాక్టీరియా విషం 1888లోనే బయటపడింది. ఫంగస్ విషయంలో ఇంత ఆలస్యం కావడానికి కారణం ఉంది. క్యాండిడా రెండు రూపాల్లో బతుకుతుంది. ఊరకే ఉన్నప్పుడు గుండ్రటి ఈస్ట్. దాడికి దిగితే నూలుపోగుల్లా సాగుతుంది. పోగులు కణంలోకి గుచ్చుకుంటున్నట్టు సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తుంటే, గాయం ఆ గుచ్చుకోవడం వల్లే అనుకోవడం సహజం. 1993లో ఈసీఈ1 అనే జన్యువు దొరికింది. పోగులు సాగేటప్పుడు అది చాలా జోరుగా పనిచేస్తుంది. కానీ దాన్ని తీసేసినా పోగులు మామూలుగానే సాగాయి. దాంతో దాని అసలు పని ఏమిటో అంతుపట్టలేదు.

ఆ ముడి 2016లో వీడింది. లండన్ కింగ్స్ కాలేజీలో జూలియన్ నాగ్లిక్, జర్మనీలోని జేనాలో బెర్న్‌హార్డ్ హ్యూబె బృందాలు ఈసీఈ1 లేని ఫంగస్‌ను నోటి కణాల మీద వదిలి చూశాయి. పోగులు వచ్చాయి, కణాల్లోకి దూరాయి కూడా. అయినా కణాలకు నష్టం జరగలేదు. దూరడం వేరు, చంపడం వేరు అని ఆ ఒక్క ప్రయోగం తేల్చేసింది. నాకు ఈ చరిత్రంతటిలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ఈసీఈ1 తయారుచేసే పొడవాటి ప్రొటీన్‌ను ఫంగస్ తన సొంత ఎంజైమ్‌తోనే ఎనిమిది ముక్కలుగా కోస్తుంది. అందులో మూడోది, 31 అమైనో ఆమ్లాల చిన్న ముక్క, అసలు విషం. దాని పేరు క్యాండిడాలైసిన్. పోగు లోపలికి తోసుకొచ్చేటప్పుడు కణం పొర సంచిలా లోపలికి ముడుచుకుంటుంది. ఆ ఇరుకు సంచిలో విషం పేరుకుని, పొరకు రంధ్రాలు పొడుస్తుంది. బయటి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది.

విషం కొద్దిగానే ఉంటే కణం చావదు, ప్రమాదాన్ని పసిగడుతుంది. పొర మీది ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం మేల్కొంటుంది. ఐఎల్-1, ఐఎల్-6 లాంటి సంకేతాలు వెలువడతాయి. ఆ పిలుపుకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పరుగున వస్తాయి. అంటే ఫంగస్ ఆయుధమే మన శరీరానికి హెచ్చరిక కూడా. క్రిములను మింగేసే మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్లో ఇదే విషం ఎన్ఎల్ఆర్‌పీ3 అనే అలారంను మోగిస్తుందని 2018లో తేలింది.

నోట్లో ఈ పిలుపు మేలే చేస్తుంది. ఆడవాళ్లకు యోనిలో వచ్చే క్యాండిడా ఇన్‌ఫెక్షన్‌లో కథ తిరగబడుతుంది. న్యూట్రోఫిల్స్ గుంపులుగా వస్తాయి గానీ ఫంగస్‌ను తుడిచిపెట్టలేవు. ఆ వాపు, ఎరుపు, మంటలో మన రక్షణ కణాల పాత్ర చాలా ఉంటుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోకుండా నెలల తరబడి ఓర్చుకునే ఆడవాళ్లు ఎందరో. ఆ బాధ శుభ్రత లేకపోవడం వల్ల వచ్చింది కాదని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఈ దారిలోనే ఇంకో విషం బయటపడింది. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ మన వార్డులకు చేరిన ఏడాదే, దాన్ని కలిగించే రైజోపస్ అనే బూజులో మ్యూకోరిసిన్ అనే విషం ఉందని అమెరికాలో ఒక బృందం ప్రకటించింది. ఆముదం గింజలోని రైసిన్‌కు అది దగ్గరి చుట్టం. కణంలో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది, రక్తనాళాలు కారేలా చేస్తుంది. దానిపై తయారుచేసిన యాంటీబాడీలు ఎలుకలను కాపాడాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అత్యంత ప్రమాదకర ఫంగస్‌ల వరుసలో క్యాండిడా ఆల్బికన్స్‌ను కూడా చేర్చింది. మన మెడికల్ షాపుల్లో దొరికే నిస్టాటిన్, ఫ్లూకొనజోల్ ఫంగస్ మీదే పనిచేస్తాయి, విషం మీద కాదు. విషాన్ని పట్టి ఆపే మందు ఇంకా ల్యాబ్‌లోనే ఉంది.