కోట కంటే ముందు క్వారీ

పిల్లలూ,

జూన్‌లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ వస్తున్నామని, సెయింట్ అగస్టీన్ ఊళ్లోని కోట చూపించమని రాశారు. తప్పకుండా చూపిస్తాను. కాకపోతే ముందు ఊరికి ఎదురుగా ఉన్న అనస్టేసియా దీవిలో స్టేట్ పార్కుకు తీసుకెళ్తాను. అక్కడ ఒక పూట ఆడుకున్నాకే కోట. అందరూ నేరుగా కోటకు వెళ్లి, నాలుగు ఫొటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తారు. ఆ గోడలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడరు.

ఆ ఊరిని స్పెయిన్ వాళ్లు 1565లో స్థాపించారు. అంతకుముందే అక్కడ తిముక్వా అనే స్థానిక తెగ జనం ఉన్నారనుకోండి, ఊరి వయసు చెప్పేటప్పుడు వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. మొదట కట్టిన కోటలన్నీ కర్రవి. 1672లో రాతికోట మొదలుపెట్టారు. ఫ్లోరిడాలో మనకున్నట్టు కొండలు లేవు కదా, మరి రాయి ఎక్కడిది?

బీచ్‌లో అల వెనక్కి వెళ్లేటప్పుడు తడి ఇసుకను గమనించండి. గోరంత గుల్లలు గులాబీ, పసుపు, ఊదా రంగుల్లో కనిపిస్తాయి. చూస్తుండగానే గబగబా ఇసుకలోకి దూరిపోతాయి. వాటిని కోకినా అంటారు. వేల ఏళ్లపాటు అలాంటి గుల్లలు మేటలు వేశాయి. వాన నీరు వాటిలోని సున్నాన్ని కొంచెం కొంచెం కరిగించింది, ఆ సున్నమే మళ్లీ గట్టిపడి గుల్లల్ని వేరుశనగ అచ్చులో పలుకుల్లా పట్టేసింది. ఆ రాయి పేరూ కోకినానే. దాన్ని తవ్విన పాత క్వారీ పార్కు గేటుకు దగ్గర్లోనే ఉంది.

నేలలో తడిగా ఉన్నప్పుడు ఈ రాయి మెత్తగా ఉంటుంది. దిమ్మలుగా కోసి, ఎద్దుబండ్ల మీద వాగు దాకా, అక్కడి నుంచి పడవల్లో ఊళ్లోకి చేర్చి ఆరబెట్టేవారు. ఆరాక గట్టిపడేది. అతకడానికి ఆల్చిప్పలు కాల్చిన సున్నం, మన పాత ఇళ్లలో వాడిన గుల్లసున్నం లాంటిదే. ఆ చాకిరీలో చాలాభాగం చుట్టుపక్కల తెగల మనుషులది. కోట 1695కి పూర్తయింది. 1702లో ఇంగ్లీషు వాళ్లు తమ కరోలినా కాలనీ నుంచి వచ్చి ముట్టడిస్తే ఊరంతా లోపల తలదాచుకుంది. ఫిరంగి గుండు తగిలితే గోడ పగల్లేదు. రాయి నిండా సన్నని ఖాళీలు ఉండటంతో గుండు లోపలికి దిగబడి ఆగిపోయేది. సుమారు 50 రోజులు చూసి, కోపం ఊరి మీద చూపించి, ఇళ్లు తగలబెట్టి వెళ్లిపోయారు. కోట మాత్రం చిక్కలేదు.

ఇక ఆటల సంగతి. సాల్ట్ రన్ అని పార్కులో ఒక ఉప్పునీటి పాయ ఉంది, కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడపడానికి మంచి చోటు. ముందు ఆటుపోట్ల టైమ్ చూసుకుందాం. వెళ్లేటప్పుడు ఎదురు నీటిలో వెళ్తే, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు నీరే తోస్తుంది. నీరు తీసినప్పుడు ఆల్చిప్పల గుట్టలు బయటపడతాయి, కాళ్లు కోసుకుపోతాయి. అందుకని బూట్లు విప్పొద్దు.

సముద్రంలో దిగే ముందు జెండా చూడండి. ఎర్రజెండాలు రెండు ఉంటే నీళ్లలోకి వెళ్లనే కూడదు. ఊదా జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నట్టు. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే నీటి ప్రవాహం, లోపలికి లాగితే టెన్షన్ పడి ఒడ్డుకేసి ఈదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగొచ్చు.

ఇసుక దిబ్బల మీదికి మాత్రం ఎక్కనివ్వను. వాటిని పట్టి ఉంచేది సీ ఓట్స్ అనే గడ్డి, దాన్ని పీకడం ఫ్లోరిడాలో నేరం. అనస్టేసియా బీచ్ మౌస్ అనే చిన్న ఎలుక ఆ దిబ్బల్లోనే బతుకుతుంది, 1989 నుంచి అది అంతరించిపోయే జీవుల జాబితాలో ఉంది. మీరొచ్చేది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. మన విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లేలు వచ్చినట్టు ఇక్కడికి ఎక్కువగా లాగర్‌హెడ్‌లు వస్తాయి. ఎంత పెద్ద గొయ్యి తవ్వుకున్నా సరే, వచ్చేముందు పూడ్చాలి. లేకపోతే రాత్రి తాబేలు అందులో పడిపోతుంది.

కోట చూశాక ఓపిక ఉంటే ఊరికి ఉత్తరాన ఫోర్ట్ మోసే స్టేట్ పార్కు. ఓపిక లేకపోయినా తీసుకెళ్తాననుకోండి. ఇంగ్లీషు వాళ్ల కాలనీల్లో బానిసత్వం తప్పించుకుని, చిత్తడి నేలలు దాటి వచ్చిన నల్లజాతి వాళ్లకు స్పెయిన్ ప్రభుత్వం 1738లో అక్కడ స్వేచ్ఛగా ఉండే ఊరు ఇచ్చింది. బదులుగా క్యాథలిక్కులు కావాలి, సెయింట్ అగస్టీన్‌ను కాపాడాలి. ఊరికే ఇవ్వలేదు మరి. వాళ్ల దళానికి నాయకుడు ఫ్రాన్సిస్కో మెనెండెస్. ఇప్పుడు ఉప్పు చిత్తడి మీద చెక్క వంతెన వేశారు, కొంగల్ని చూస్తూ నడవొచ్చు.

వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన. పార్కు గేటు పొద్దున 8కి తెరుస్తారు, ఆ వేళకే అక్కడుండాలి. ఇడ్లీలు అమ్మమ్మ కట్టిస్తుంది. టోపీలు, నీళ్ల సీసాలు మీవి.

మీ తాతయ్య