ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ యాంప్లిఫైయర్‌కి ఎన్ని ఓమ్‌లు?

“స్పీకర్ల వెనక 8 ఓమ్‌లని రాసి ఉంది. 100 వాట్ల యాంప్లిఫైయర్ సరిపోతుందా?” ఖరీదైన స్పీకర్లు కొన్నవాళ్లు ముందుగా అడిగేది ఇదే.

వాట్ల లెక్క చిన్నది. ఉదాహరణకి స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అంటే, 2.83 ఓల్టులిస్తే (8 ఓమ్‌ల మీద 1 వాటు) మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోత. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, రెండు స్పీకర్లూ కలిసి దాదాపు 84 వస్తుంది. మృదంగం దెబ్బ 100 దాకా లేవాలంటే మరో 16 డెసిబెల్స్ కావాలి. 16 డెసిబెల్స్ అంటే 40 రెట్ల పవర్, కాబట్టి ఒక్కో స్పీకర్‌కి 40 వాట్లు. కొంత వెసులుబాటు ఉంచుకుంటే 80. కాబట్టి వాట్ల వరకూ 100 చాలు.

చిక్కంతా ఓమ్‌ల దగ్గరే, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు (ఇంపీడెన్స్) దగ్గరే. ఆ 8 నామమాత్రం. ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ (రెజొనెన్స్) దగ్గర 25 ఓమ్‌లకి లేచి, 100, 200 హెర్ట్జ్ మధ్య 3, 4 ఓమ్‌లకి పడిపోయే స్పీకర్లు ఎన్నో. పైగా ధ్వనిని ఊఫర్‌కీ, సన్నని స్వరాలు పలికే ట్వీటర్‌కీ పంచే క్రాసోవర్‌లోని కాయిళ్లు, కెపాసిటర్ల వల్ల ఓల్టేజీ, కరెంటూ కలిసి నడవవు. దీన్నే ఫేజ్ కోణం అంటారు. ఊగుతున్న ఉయ్యాలని చూడండి: చివర్లలో క్షణం ఆగుతుంది, నడుమ దాటేటప్పుడే జోరెక్కువ. ఉయ్యాల ఎంత దూరం జరిగిందో అది ఓల్టేజీ అయితే, దాని వేగం కరెంటు. ఇది 90 డిగ్రీల కోణం. స్పీకర్లలో 45 దాకా మామూలే.

ఇప్పుడు యాంప్లిఫైయర్ లోపలికి వెళ్దాం. సప్లై (లోపల కరెంటిచ్చే భాగం) ±50 ఓల్టులు, లోడ్ (అంటే స్పీకర్) 4 ఓమ్‌లు, వాల్యూమ్ నిండా. లోడ్ ఉత్త రెసిస్టర్ అయితే, ఔట్‌పుట్ 25 ఓల్టుల దగ్గరున్నప్పుడు స్పీకర్‌కి కరెంటు పంపే ట్రాన్సిస్టర్‌కి గడ్డుకాలం: దాని మీద మిగిలిన 25 ఓల్టులు, గుండా 6.25 ఆంపియర్లు, 156 వాట్ల వేడి. అదే 4 ఓమ్‌లకి 45 డిగ్రీల కోణం తోడైతే? ఔట్‌పుట్ సున్నా దాటుతుంటే కరెంటు ఇంకా 8.8 ఆంపియర్లు! 50 ఓల్టులూ ట్రాన్సిస్టరే మోయాలి: 440 వాట్లు. ఆ స్పీకర్ ట్రాన్సిస్టర్‌కి 1.4 ఓమ్‌ల రెసిస్టర్‌లా అనిపిస్తుందన్నమాట. బైపోలార్ ట్రాన్సిస్టర్‌లో ఈ వేడి చిప్ మీద ఒకేచోట పోగుపడితే రెప్పపాటులో మాడిపోతుంది. అందుకే ప్రొటెక్షన్ సర్క్యూట్ కరెంటుని నొక్కేస్తుంది. పెద్ద దెబ్బల మీద ‘టప్’మనే మోత ఇదే. జనం పాపం ట్వీటర్‌ని తప్పుబడతారు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతలు ఎక్కువుంటే భారం పంచుకుంటాయి. క్లాస్-డీ యాంప్లిఫైయర్‌లో ట్రాన్సిస్టర్లు స్విచ్‌లు కాబట్టి ఈ వేడి గొడవ చాలావరకు లేదు, కరెంటు పరిమితి మాత్రం ఉంటుంది. అందులోనూ ఫీడ్‌బ్యాక్‌ని (ఔట్‌పుట్‌ని సరిచూసుకోవడానికి వెనక్కి తీసుకునే సిగ్నల్) ఔట్‌పుట్ ఫిల్టర్ తర్వాత నుంచి తీసుకునే డిజైనే ఎంచుకోండి. లేకపోతే పై ఫ్రీక్వెన్సీల స్థాయి స్పీకర్‌ని బట్టి మారిపోతుంది.

కొనేముందు స్పీకర్ ఇంపీడెన్స్, ఫేజ్ గ్రాఫులు సంపాదించండి. 80 నుంచి 300 హెర్ట్జ్ మధ్య సంగీతానికి బలమెక్కువ. అక్కడ తక్కువ ఓమ్‌లూ, పెద్ద కోణమూ ఒకేచోట పడితే జాగ్రత్త. యాంప్లిఫైయర్ పట్టికలో 8, 4, 2 ఓమ్‌ల వాట్లు మూడూ చూడండి. 100, 200, 400కి దగ్గరగా ఉంటే సప్లై గట్టిది. 100, 130 అని చెప్పి 2 ఓమ్‌ల ఊసెత్తకపోతే, ఇలాంటి స్పీకర్‌కి వద్దు. హోం థియేటర్ రిసీవర్ల వాట్లు ఎన్ని చానెళ్లు నడుస్తుండగా కొలిచారో తప్పక చదవండి.

వాల్వ్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులు వాడే) యాంప్లిఫైయర్‌ది వేరే కథ. దాని సొంత ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 2 ఓమ్‌లుంటే, 4 నుంచి 20 ఓమ్‌ల మధ్య ఊగే స్పీకర్ మీద ధ్వని దాదాపు 2.7 డెసిబెల్స్ ఎగుడుదిగుడు అవుతుంది. ఆ ‘మాధుర్యం’లో కొంత ఈ ఎగుడుదిగుడే. అటు డాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓమ్‌లని యాంప్లిఫైయర్ ఔట్‌పుట్ ఓమ్‌లతో భాగిస్తే వచ్చేది) 1000 అనే గొప్పా అక్కర్లేదు: 5 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగే రానూపోనూ 0.07 ఓమ్‌లు అడ్డుపెడుతుంది. ఖరీదైన కేబుల్ మహిమల మీద పెట్టే డబ్బు సప్లై ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి.

ఎండాకాలంలో ఇంట్లో కరెంటు 230 నుంచి 200 ఓల్టులకి పడిపోయే చోట్ల, ఓల్టేజీని స్థిరంగా నిలిపే రెగ్యులేషన్ లేని సప్లై ఉన్న 100 వాట్ల యాంప్లిఫైయర్ 75కి దిగుతుంది. పైన 80 దగ్గర తేలిన లెక్క అక్కడ 110కి పెంచుకోవాలి. నలభై డిగ్రీల గదిలో హీట్‌సింక్‌కి పైనా పక్కనా ఖాళీ వదలాలి, చెక్క అలమారాలో బిగించకూడదు.