మూలకణాలను ఎట్లా లెక్కబెడతారు?

బిడ్డా,

నీ దోస్తు తమ్ముడికి తలసేమియా అనీ, అంటే ఒంట్లో మంచి రక్తం తయారుకాని జబ్బు అనీ, వాళ్ల అన్న మూలకణాలు ఇస్తున్నాడనీ రాశావు. "సరిపోయినన్ని వచ్చాయని ఎట్లా తెలుస్తుంది తాతా?" అని అడిగావు. ల్యాబులో బతికినవాణ్ణి కదా, నాకు ఇష్టమైన ప్రశ్న.

మూలకణాలంటే రక్తాన్ని పుట్టించే కణాలు, ఎముకల మజ్జలో ఉంటాయి. ఇచ్చేవాళ్లకు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తే రక్తంలోకి దిగుతాయి. అప్పుడు యంత్రంతో వాటిని ఒక సంచిలోకి తీస్తారు. అందులోనూ నూటికి ఏ ఒకటో రెండో మూలకణాలు, మిగతావి వేరే కణాలు. పైగా చూడటానికి అన్నీ ఒక్క తీరే.

మా నారాయణపేట దిక్కు గొర్లను ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు తోలుకపోయేవాళ్లు. మందలు కలిసిపోతాయి. అందుకే నాయిన మా గొర్ల వీపులకు జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పూసేవాడు. మూలకణాల మీద సీడీ34 అనే గుర్తు ఉంటుంది. ల్యాబులో ఆ గుర్తున్న కణాలకే అంటుకునే మెరిసే రంగు కలుపుతారు. అదే జాజు.

పొద్దుగూకితే కంప దొడ్డికి ఒక్క గొర్రె పట్టేంత సందు వదిలి, నాయిన పక్కన గొంతుక్కూర్చునేవాడు. వీపు తాకుతూ లెక్క. ఇరవైకి ఒక చింతగింజ తువ్వాల కొంగులో. రెండు ఒకేసారి దూరితే లెక్క తప్పుతుందని నేను కట్టె అడ్డం పెట్టేవాణ్ణి. ఫ్లో సైటోమీటర్ అనే కణాలను లెక్కబెట్టే యంత్రంలోనూ కణాలు సన్నని ధారలో ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతాయి. మెరిసినవే మనవి. అతుక్కుని వచ్చిన జంటలను పక్కన పెడతారు. చచ్చిన కణాల్లోకి మాత్రమే దూరే ఇంకో రంగు కూడా ఉంటుంది, వాటినీ తీసేస్తారు. నాయిన సెకనుకు ఒకటి లెక్కబెడితే, యంత్రం వేలు లెక్కబెడుతుంది. సంచి మొత్తం కాదు, ఒక చుక్క లెక్కబెట్టి గుణిస్తారు.

రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల మూలకణాలు కావాలి, 50 లక్షలుంటే ఇంకా మంచిది. 25 కిలోల పిల్లవాడికి కనీసం 5 కోట్లు. తక్కువైతే మర్నాడు మళ్లీ తీస్తారు. ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు బిడ్డా, తక్కువ పడితే కొత్త రక్తం రావడం ఆలస్యమై పిల్లవాడి ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురమే. సంచిలోని కణాలను మామూలు రక్తం తీరుగనే రోగి నరంలోకి ఎక్కిస్తారు. ఆ కణాలు ఎముకల దారి వాటంతట అవే పట్టుకుంటాయి. రెండు మూడు వారాల్లో కొత్త రక్తం మొదలవుతుంది. ఎట్లా పోతాయో ఉత్తరంలో చెప్పలేను.

నువ్వు మాత్రం మీ సైన్సు సార్‌ను అడిగి సూక్ష్మదర్శినిలో రక్తపు చుక్క చూడు. ఎర్రవాటి నడుమ తెల్లకణం ఒక్కటి దొరికేదాకా కన్ను తీయకు.

మీ తాత