పుచ్చకాయ పట్టే చేతులు, మట్టిగుట్ట దిగే సైకిలు

కాలిఫోర్నియాలో శాన్‌హోసే దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మా వాడికి పదిహేనేళ్లు. డర్ట్ జంపింగ్, డౌన్‌హిల్ అంటూ వెంటపడుతున్నాడండీ. నేను 500 డాలర్లకు మించి పెట్టలేను. ఇక్కడ ఓ పెద్ద స్టోర్‌లో ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిలు 300కే వస్తోంది. స్ప్రింగులు ఎక్కువుంటే దెబ్బ తక్కువే కదా?"

అది కొనకండి. డర్ట్ జంపింగ్ అంటే మట్టిగుట్టల మీద నుంచి సైకిలుతో గాల్లోకి లేచి దిగడం, డౌన్‌హిల్ అంటే కొండ దారిలో వేగంగా దిగడం. వెనక స్ప్రింగు అసలే లేని, 26 అంగుళాల చక్రాల డర్ట్ జంప్ సైకిలు చూడండి. ఎవరో వాడి అమ్ముతున్నదైనా ఫరవాలేదు. గేర్లు, సైజులు, సీటు ఎత్తు గురించి షాపులో ఎవరైనా చెబుతారు, నేను వాటి జోలికి పోను. గాల్లోకి లేచిన సైకిలు నేలను తాకినప్పుడు ఆ దెబ్బ ఎటు పోతుందన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్లుగా నన్ను వదలడం లేదు. మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

వేసవిలో పుచ్చకాయల లారీ దించుతుంటే ఒకసారి నిలబడి చూడండి. లారీ మీది మనిషి కాయ విసురుతాడు. కింద ఉన్న మనిషి కాయ చేతికి తగలగానే చేతుల్ని దానితో పాటే కిందికి పోనిస్తాడు, మోకాళ్లూ కాస్త వంచుతాడు. కాయ పగలదు. అదే చేతులు బిగబట్టి పట్టుకుంటే రెండు ముక్కలవుతుంది. కాయ వచ్చిన వేగం రెండుసార్లూ ఒకటే. తేడా అంతా అది ఎంత దూరంలో ఆగిందన్న దాంట్లోనే ఉంది.

దీనికో చిన్న లెక్క ఉంది. ఎంత ఎత్తు నుంచి పడ్డామో దాన్ని ఆగడానికి దొరికిన దూరంతో భాగించి, ఒకటి కలపండి. ఆగే ఆ కొద్ది క్షణంలో మన బరువుకు సగటున అన్ని రెట్ల బలం మన మీద పడుతుంది. మీ అబ్బాయి 1.5 మీటర్ల ఎత్తు నుంచి చదునైన నేల మీదికి దిగాడనుకుందాం. సీటు మీద బిగుసుకుని కూర్చుంటే టైరు నొక్కుకునే 5 సెంటీమీటర్లే దిక్కు. 150ని 5తో భాగిస్తే 30, ఒకటి కలిపితే 31 రెట్లు. వెన్నెముకకు అది భరించే బలం కాదు. అదే పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లూ మోచేతులూ వంచుతూ దిగితే ఒళ్లు సుమారు 40 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు ఫోర్కు నొక్కుకునే 10 సెంటీమీటర్లు కూడా కలుపుకుంటే 50. బలం 4 రెట్లకు దిగిపోయింది.

ఇప్పుడు ఫోర్కును రెట్టింపు చేసి 20 సెంటీమీటర్లది పెట్టండి, అసలైన డౌన్‌హిల్ సైకిలుకు ఉండేంత. మొత్తం 60 అవుతుంది, బలం 3.5 రెట్లు. డబ్బు ఎన్నో రెట్లు పోసినా తగ్గింది అర రెట్టు! కాళ్లూ చేతులూ పైసా ఖర్చు లేకుండా 31ని 4కు తెచ్చాయి. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

పైగా చవక స్ప్రింగుతో ఇంకో చిక్కుంది. రబ్బరు బంతినీ, బంకమట్టి ముద్దనూ నేలకు కొట్టి చూడండి. ముద్ద అక్కడే పడి ఉంటుంది, బంతి తిరిగి లేస్తుంది. స్ప్రింగు కూడా బంతి లాంటిదే, మింగిన శక్తిని దాచి మళ్లీ తిరిగిస్తుంది. ఆ శక్తిని వేడిగా మార్చి ఖర్చు చేసే పని డ్యాంపర్‌ది. లోపల సన్నని రంధ్రాల గుండా నూనె ఒత్తుకుంటూ పోతూ వేడెక్కుతుంది. 300 డాలర్ల సైకిల్లో వెనక ఉండేది చాలావరకు ఉత్త స్ప్రింగే. అది గుట్ట అంచు దాటేటప్పుడు వెనక చక్రాన్ని పైకి తన్నుతుంది, పిల్లాడు ముక్కు మీద పడతాడు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికి వస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో ప్రక్షేపకాల పాఠం మనమందరం చదివాం. యూ స్క్వేర్ సైన్ టూ తీటా బై జీ అని ఎంసెట్ కోసం బట్టీ పట్టాం. ఆ పాఠంలో రాయి ఎప్పుడూ చదును నేల మీదే పడుతుంది, పడగానే లెక్క ముగుస్తుంది. పడ్డాక ఏమవుతుందని ఎవరూ అడగరు, వాలు మీద పడితే ఎలాగని అసలే అడగరు. అడిగి ఉంటే ఆ పాఠం జీవితాంతం గుర్తుండేది. పిల్లలకు చెప్పే మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ కింది లెక్క బోర్డు మీద వేయించండి.

సైకిలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 7 మీటర్లు, ముందుకు పోతోంది. 1.5 మీటర్లు పడేసరికి కిందికి వేగం సెకనుకు 5.4 మీటర్లు. చదును నేల తగిలితే ఆ 5.4 మొత్తం దెబ్బే. కానీ దిగేచోట మట్టిని 30 డిగ్రీల వాలుగా పోశారనుకోండి. అప్పుడు దెబ్బ కొట్టేది వాలుకు లంబంగా ఉన్న వేగం మాత్రమే. 5.4ను కాస్ 30తో గుణించి, అందులోంచి 7 ఇంటూ సైన్ 30 తీసేయాలి. 4.7లో 3.5 పోతే మిగిలింది సెకనుకు 1.2 మీటర్లు. ఈ వేగం రావాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలి? 7 సెంటీమీటర్లు! ఒకటిన్నర మీటరు పడినవాడు గడప దిగినంత దెబ్బతో బయటపడ్డాడు. మిగతా వేగమంతా వాలు వెంట జారిపోయి, సైకిలు గంటకు 31 కిలోమీటర్ల పైన వేగంతో తర్వాతి గుట్ట వైపు పోతుంది. జారుడుబండ మీద పడ్డ పిల్లాడు ఏడవకుండా జారుకుంటూ పోతాడే, అచ్చం అలాగే.

వాలు 20 డిగ్రీలే ఉంటే? లెక్క వేస్తే దెబ్బ 37 సెంటీమీటర్ల నుంచి పడ్డంత. పది డిగ్రీల తేడాకు దెబ్బ అయిదు రెట్లు పెరిగింది. మంచులో స్కీయింగ్ గుట్టలు కట్టే ఇంజినీర్లు కూడా ఈ కొలతనే, అంటే సమానమైన పతనపు ఎత్తునే, లెక్కలోకి తీసుకుంటారు. శాంటాక్రూజ్ పక్కన ఆప్టోస్‌లో పోస్టాఫీసు దగ్గర ఒకప్పుడు పేరున్న డర్ట్ జంపులు ఉండేవి. అలాంటివి పారలతో చెక్కే కుర్రాళ్లు సైన్‌లూ కాస్‌లూ వేసుకోరు, కంటితోనే వాలు కుదురుస్తారు. మంచి మట్టిగుట్టే అన్నిటికన్నా మంచి సస్పెన్షన్ (దెబ్బను మింగే ఏర్పాటు), దానికి డబ్బు కట్టక్కర్లేదు.

మరి సైకిలుకు డబ్బు ఎందుకు పెట్టాలి? లెక్క తప్పిన రోజు కోసం. పొట్టిగానో పొడుగ్గానో పడి వాలు తప్పిపోయిన రోజు, చదును నేల దెబ్బను ఫ్రేమూ చక్రాలూ తట్టుకోవాలి.

చిన్నప్పుడు గంటకింత అని అద్దెకు తెచ్చిన సైకిలును కాలువ గట్టు మీద నుంచి దూకించాను. వెనక చక్రం ఇరుసు వంగిపోయింది. ఇరుసు కుడివైపునే వంగిందేమిటని అప్పుడు నాకు తట్టలేదు. చవక గేరు సైకిళ్లలో ఫ్రీవీల్‌ను, అంటే గొలుసు తిప్పే పళ్ల చక్రాల కట్టను, హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) మరతో బిగిస్తారు. దాంతో కుడివైపు బేరింగు లోపలికి పోయి, దాని నుంచి ఫ్రేము దాకా ఇరుసు 3-4 సెంటీమీటర్లు ఆధారం లేకుండా వేలాడుతుంది. 80 కిలోల మొత్తం బరువు 4 రెట్ల బలంతో వెనక చక్రం మీదే పడిందనుకుందాం. ఒక్కో వైపు 160 కిలోల బరువు, అంటే 1,570 న్యూటన్లు. 3.5 సెంటీమీటర్లతో గుణిస్తే వంపు భ్రామకం 55 న్యూటన్-మీటర్లు. 10 మిల్లీమీటర్ల ఇరుసులో ప్రతిబలం (లోహం లోపల పుట్టే ఒత్తిడి) 560 మెగాపాస్కల్ దాకా పోతుంది. మామూలు మెత్తటి ఉక్కు 250 దగ్గరే వంగి అలాగే ఉండిపోతుంది. బేరింగును బయటి అంచుకు జరిపి ఆ దూరాన్ని 1 సెంటీమీటరు చేస్తే ప్రతిబలం 160కి పడిపోతుంది. ఇరుసును లావు చేస్తే లాభం ఇంకా ఎక్కువ. వంపును తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, రెట్టింపు లావుకు ఎనిమిది రెట్ల బలం. అందుకే కొనేముందు ముందుగా వెనక హబ్బు చూడమంటాను.

బరువున్న సైకిలే గట్టిదని మన వాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఇది నిమ్మకాయలు తొక్కించడం కన్నా ప్రమాదకరమైన నమ్మకం. నిమ్మకాయ తొక్కించినందువల్ల చెడేదేమీ లేదు, పూజ చేయించుకుంటే చేయించుకోండి. బరువు చూసి కొంటే మాత్రం ఆ లోహం అవసరమైన చోట ఉందో లేదో తెలియదు. చాలా సైకిళ్ల మీదో మాన్యువల్‌లోనో ఏఎస్‌టీఎం (అమెరికాలోని ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది. 3 అంటే 61 సెంటీమీటర్ల దూకుళ్ల వరకు, 4 అంటే 122 వరకు, 5 అంటే ఆ పైన. పెద్ద స్టోర్ సైకిళ్లలో చాలావాటి మీద జంపులకు పనికిరాదని స్టిక్కరే ఉంటుంది. దాన్ని చదివి నమ్మండి.

వాడిన సైకిలైతే క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు ఫ్రేము దొరికితే మేలు. ఉక్కుకు ఒక హద్దు ఉంది, ఆ హద్దు లోపు ఎన్ని లక్షల దెబ్బలు తగిలినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి దెబ్బనూ కొంత గుర్తు పెట్టుకుంటుంది.

డౌన్‌హిల్ సంగతి వేరు, అక్కడ ముందు చూడాల్సింది బ్రేకులు. మీకు ఉత్తరాన, శాన్‌ఫ్రాన్సిస్కో దాటాక ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర, 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగే పందెం మొదలుపెట్టారు. సుమారు 3.4 కిలోమీటర్ల దారిలో 400 మీటర్లు దిగాలి. మనిషీ సైకిలూ కలిపి 95 కిలోలైతే, పోగొట్టుకోవాల్సిన స్థితిజశక్తి 370 కిలోజౌళ్లు. ఒక లీటరు నీళ్లను మరిగించి ఇంకా మిగిలేంత శక్తి ఇది. గాలికి పోయింది పోగా మిగతాదంతా వెనక హబ్బులో, పెడలు వెనక్కి తొక్కితే పడే చిన్న బ్రేకులో వేడిగా మారేది. గ్రీజు పొగై పోయేది, ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. ఆ పందేల్లో దిగిన గ్యారీ ఫిషర్ దాన్ని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు.

డర్ట్ జంప్ సైకిళ్లకు చాలావాటికి వెనక బ్రేకు ఒక్కటే ఉంటుంది. దిగుడులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకు తూగుతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. కాబట్టి ఆ సైకిలుతో కొండ దిగకూడదు. డౌన్‌హిల్ మోజు తీరాలంటే బైక్ పార్కులో పెద్ద సైకిలు ఒకరోజు అద్దెకు తీసుకోండి.

500లో కొంత హెల్మెట్‌కు ముందే తీసి పక్కన పెట్టండి. అక్కడా పుచ్చకాయ లెక్కే. అమెరికా ప్రమాణం ప్రకారం హెల్మెట్‌ను 2 మీటర్ల ఎత్తు నుంచి చదును ఇనుము మీద పడేస్తారు, లోపలి తల నమూనాకు త్వరణం గురుత్వ త్వరణానికి 300 రెట్లు దాటకూడదు. తల ఆగడానికి దొరికేది ఫోమ్ నలిగే రెండు మూడు సెంటీమీటర్లే. ఒకసారి నలిగిన ఫోమ్ మళ్లీ లేవదు, అందుకే హెల్మెట్ మాత్రం వాడినది కొనకండి.

సైకిలు చూడ్డానికి వెళ్లినప్పుడు హ్యాండిల్ కింద, ఫ్రేము గొట్టాలు కలిసే వెల్డింగు చుట్టూ టార్చి వేసి చూడండి. పెయింటులో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే వదిలేయండి. వెనక చక్రం ఎత్తి పక్కలకు ఊపి, ఇరుసు దగ్గర వదులుగా ఆడుతోందేమో చూడండి. చక్రం పుల్లల్ని (స్పోకుల్ని) జతలుగా నొక్కి చూసి, వదులుగా ఉంటే టెన్షన్ సరిచేయించండి.

మొదటి నెల అబ్బాయిని ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య ఖాళీ లేకుండా బల్లలా మట్టి నింపిన 30 సెంటీమీటర్ల గుట్ట మీదే తిప్పండి. అక్కడ పొట్టిగా పడితే గుట్ట నెత్తినే దిగుతాడు. పొడుగ్గా పోయి అవతలి చదును నేల మీద పడ్డా, గుట్ట ఎత్తూ తను లేచిన కాస్తా కలిపి అర మీటరు లోపే. అది 3వ అంకె సైకిలు కూడా తట్టుకునే దెబ్బ.